కారులో ‘పోటీ చెయ్యండి మేడం’ అనేశాను, ఇప్పుడు నిద్ర పట్టట్లేదు

ఈసారి ఉత్తరం ఎడిన్‌బరో పక్క నుంచి వచ్చింది. పేరు, ఊరు, పార్టీ ఏదీ బయటపెట్టొద్దన్నారు, పెట్టను. రాసినావిడది తెనాలి వైపు, పెళ్లయి స్కాట్లాండ్ వెళ్లి పదిహేనేళ్లు దాటింది. ఆరేళ్లుగా స్కాటిష్ పార్లమెంటు సభ్యురాలు ఒకావిడ దగ్గర నియోజకవర్గం ఆఫీసులో పని. ఇంటి కోసం దరఖాస్తు పెట్టి ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నవాళ్లు, ఊరికొచ్చే బస్సు ఆపేశారని వచ్చేవాళ్లు, ఆసుపత్రి అపాయింట్‌మెంటు దొరక్క తిరుగుతున్నవాళ్లు, అందరి కాగితాలూ ఈవిడ బల్ల మీదికే వస్తాయి. అక్కడ చిన్నా పెద్దా అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారట, తనకి మాత్రం ఆరేళ్లయినా నోరు రాక ‘మేడం’ అనే అంటున్నారు. నేనూ ఇక్కడ మేడం అనే అంటాను.

శుక్రవారాలు మేడం జనాన్ని కలిసి కష్టసుఖాలు వినే కార్యక్రమం ఉంటుంది, దాన్ని అక్కడ ‘సర్జరీ’ అంటారు. (ఉద్యోగంలో చేరిన కొత్తలో ‘ఈరోజు మేడంకి సర్జరీ ఉందమ్మా, తర్వాత చేస్తా’ అని ఫోన్ పెట్టేస్తే, తెనాలిలో అమ్మగారు ఆంజనేయస్వామికి మొక్కుకున్నారట.) అలాంటి ఒక శుక్రవారం సాయంత్రం, వాన, కారులో వెనక్కి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మేడం అడిగింది: ‘ఈ ఎన్నికల్లో మళ్లీ గెలిస్తే డిప్యూటీ ప్రిసైడింగ్ ఆఫీసర్‌గా నిలబడదామనుకుంటున్నా. నువ్వేమంటావ్?’ (మన డిప్యూటీ స్పీకర్ లాంటి పదవి అది.) ఈవిడ వెంటనే ‘తప్పకుండా చెయ్యండి మేడం, మీకంటే బాగా ఎవరు చేస్తారు’ అనేశారు. పచ్చ లైటు వచ్చింది, కారు కదిలింది, మాట అక్కడితో అయిపోయిందనుకున్నారు.

అవలేదు. ఇప్పుడు మేడం కనిపించిన వాళ్లందరితో ‘మా ఆఫీసులో ఆవిడ కూడా చెయ్యమంటోంది, ఆవిడ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు’ అంటోంది. డైరీ వెనక పేజీలో పేర్లు రాసుకుని టిక్కులు పెడుతోంది. టిక్కు పడిన పేర్లలో ఇద్దరి ఆఫీసుల్లో ఈవిడకి స్నేహితులున్నారు. కాఫీ తాగుతూ వాళ్లు చెప్పిందేమిటంటే, మావాళ్లు మీ మేడంకి నవ్వుతూ మాటిచ్చారు గానీ వెయ్యరు అని. ఇంకో సంగతి, మేడం మంచిమనిషే కానీ మాటకి అడ్డొస్తే తట్టుకోలేదు, మీటింగుల్లో ఎవరైనా మధ్యలో మాట్లాడితే మొహం ఎర్రబడిపోతుంది, ఆ తర్వాత వాళ్లు చెప్పేది వినదు. పేర్లు కూడా తికమక పడుతుంది, పక్కనుంచి ఈవిడే మెల్లిగా అందిస్తుంటారు. రెండుసార్లు మంత్రి పదవి వస్తుందని ఎదురుచూసి రాక, ఆ బాధలో ఈ ఆలోచన పుట్టిందేమోనని ఈవిడ అనుమానం.

చివర్లో, చిన్న అక్షరాలతో, అసలు మాట రాశారు. తనకీ వచ్చే స్థానిక ఎన్నికల్లో కౌన్సిల్‌కి నిలబడాలని ఉంది. మేడం వెనక ఉంటే టికెట్ వస్తుంది. ఆవిడ కుర్చీ ఎక్కి తటస్థం అయిపోతే తన సంగతేంటి? వాళ్లాయనేమో ‘నీ జీతం ఇచ్చేది ఆవిడ, నోరు మూసుకుని ఉండు’ అంటున్నారు. ‘నిజం చెప్పాలా? ఆవిడని ఆపాలా? లేక ఇదంతా నా స్వార్థమేనా?’ అని మూడు ప్రశ్నలు.

*

ముందుగా మీ మూడో ప్రశ్న. అవును, అందులో మీ స్వార్థం కొంత ఉంది. ఉంటే ఏం? ఉందని మీరే రాశారు కాబట్టి దాని గురించి నాకు పెద్ద భయం లేదు. నాకు భయం వేసింది వేరే చోట. మీ ఉత్తరంలో మీకు తెలిసినవి, మీరు విన్నవి, మీరు ఊహించుకున్నవి, మీరు కోరుకుంటున్నవి అన్నీ ఒకే కుండలో ఉడుకుతున్నాయి. మేడం ముందు ఆ కుండ అలాగే దించితే ఆవిడకి ఏం అర్థం కాదు, మీకు కూడా ఏం చెప్పారో గుర్తుండదు. కాబట్టి కాస్త ఓపిగ్గా వేరు చేద్దాం.

మీ ఊహల్లో ఒకటి అసలు తప్పు. డిప్యూటీ అయితే మేడం నోరు కట్టుబడిపోతుందని, పార్టీకి దూరమైపోతుందని మీరు అనుకుంటున్నారు. అది ప్రిసైడింగ్ ఆఫీసర్, అంటే అక్కడి స్పీకర్ సంగతి. హోలీరూడ్‌లో, అంటే స్కాటిష్ పార్లమెంటులో, పెద్ద కుర్చీ ఎక్కినవాళ్లు పార్టీని వదిలేస్తారు, ఓటు వెయ్యరు, సమానంగా చీలినప్పుడు మాత్రం నిర్ణాయక ఓటు వేస్తారు. డిప్యూటీలకి ఆ కట్టడి లేదు. వాళ్లు పార్టీలోనే ఉంటారు, కుర్చీలో లేనప్పుడు మిగతా సభ్యుల్లాగే మాట్లాడతారు, ఓటేస్తారు. 2021లో డిప్యూటీగా ఎన్నికైన లియామ్ మెకార్థర్‌ని చూడండి, మరణం తప్పదని తేలిన రోగులకు వైద్యసాయంతో ప్రాణం విడిచే హక్కు ఇవ్వాలనే బిల్లుని 2024లో పెట్టింది ఆయనే, డిప్యూటీగా ఉంటూనే. అంతకంటే వివాదాస్పదమైన బిల్లు ఇంకేం ఉంటుంది? ఆయనకి ముందు లిండా ఫాబియానీ డిప్యూటీగా ఉండగానే, మాజీ ఫస్ట్ మినిస్టర్ (అక్కడి ప్రభుత్వాధినేత) అలెక్స్ సాల్మండ్ మీద వచ్చిన ఫిర్యాదుల్ని ప్రభుత్వం ఎలా నడిపిందో విచారించిన కమిటీకి కన్వీనర్‌గా కూర్చున్నారు, అదీ తన సొంత పార్టీ ప్రభుత్వం మీద విచారణ. కాబట్టి ‘మీరు మూగబోతారు మేడం’ అని మాత్రం ఆవిడతో అనకండి. ఆవిడకి మీకంటే ఎక్కువ తెలుసు, ఆ ఒక్క తప్పు మాటతో మీరు చెప్పబోయే మంచి మాటలు కూడా కొట్టుకుపోతాయి. మీ కౌన్సిల్ టికెట్ భయం కూడా దీంతోపాటే సగం తగ్గాలి, ఎందుకంటే పార్టీలో ఉన్న మనిషి మీ గురించి పార్టీలో ఒక మంచి మాట చెప్పడానికి అడ్డేమీ లేదు.

నిజంగా పోయేది టైము. సభ మంగళ, బుధ, గురువారాల్లో జరుగుతుంది, ఆ మూడు రోజులూ ప్రిసైడింగ్ ఆఫీసరూ, ఇద్దరు డిప్యూటీలూ వంతులు వేసుకుని కుర్చీలో కూర్చుంటారు. అదనపు జీతం ఉంటుంది, అదనపు గంటలు మాత్రం ఎవరూ ఇవ్వరు. ఇప్పటిదాకా మధ్యాహ్నం చర్చ నడుస్తుండగా బయటికొచ్చి మీకు ఫోన్ చేసి ‘ఆ బస్సు సంగతేమైంది’ అని అడిగే మనిషి, ఇక కుర్చీలో ఉంటుంది. ఆ బస్సు కాగితం మీ బల్ల మీదే ఉండిపోతుంది. మీరు ఉత్తరంలో ఎక్కడా రాయలేదు గానీ, ఆవిడ గెలిస్తే పని పెరిగేది ముందు మీకు. అది స్వార్థం కాదు, లెక్క.

ఆ కుర్చీ ఎలా ఉంటుందో ఒకసారి చూశాను. కొన్నేళ్ల క్రితం మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు ఎడిన్‌బరోలో ఒక మధ్యాహ్నం ఏమీ తోచక ఆ భవనంలోకి వెళ్లి గ్యాలరీలో కూర్చున్నా. టీవీలో చూపించే గురువారం ఫస్ట్ మినిస్టర్ ప్రశ్నల హడావుడి కాదు, ఏదో మామూలు చర్చ, సగం సీట్లు ఖాళీ. కుర్చీలో డిప్యూటీ. మాట్లాడాలనుకున్నవాళ్లు తమ బల్ల మీద బటన్ నొక్కుతారు, ఆ పేర్లు కుర్చీ ముందున్న తెర మీదికి వస్తాయి, పక్కన క్లర్కులు ఉంటారు. ఒక పెద్దాయన తనకిచ్చిన టైము దాటి మాట్లాడుతున్నాడు. కుర్చీలో ఉన్నావిడ మొదట పెన్ను కింద పెట్టింది. ఆయన ఆగలేదు. కొంచెం ముందుకి వంగింది. ఆగలేదు. అప్పుడు మైకులో, పెరుగన్నం తింటున్నంత మామూలుగా, ఇక ముగించండి అంది. ఆయన ఇంకో రెండు వాక్యాలు లాగాడు, ఆవిడ మొహంలో చిరాకు కనపడలేదు, రెండోసారీ అదే గొంతుతో అదే మాట. గంట సేపట్లో ఇలా నాలుగైదు సార్లు. సాయంత్రం బయటికొచ్చాక ఆ చర్చ దేని గురించో నాకు గుర్తులేదు, ఆ గొంతు గుర్తుంది.

అందుకే మీరు రాసిన రెండు లోపాల్లో ఒకటి తీసి పక్కన పడేయండి. పేర్లు తికమకపడడం ఏమంత కాదు, తెర ఉంది, క్లర్కులు ఉన్నారు, నెల తిరిగేసరికి నోటికొచ్చేస్తాయి. రెండోదే అసలు సంగతి. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే తట్టుకోలేని మనిషికి, రోజంతా అడ్డొచ్చేవాళ్లని సంబాళించే ఉద్యోగం. కుదరదని నేననను. కొంతమంది మీటింగులో కోపిష్టులు, కుర్చీ ఎక్కితే శాంతమూర్తులు, ఎందుకంటే అక్కడ గెలవాల్సిన వాదన వాళ్లది కాదు. మా ఇంట్లో మా ఆయన క్రికెట్ ఆడితే ప్రతి బంతికీ గొడవే, అంపైరింగు చేస్తే మాత్రం దేవుడు. మీ మేడం ఏ రకమో నాకు తెలియదు, మీకు తెలియాలి, ఆవిడకి ఇంకా బాగా తెలియాలి. ఆవిడని మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటే: ‘మీ ప్రాణ స్నేహితురాలు టైము దాటి మాట్లాడుతుంటే అందరి ముందూ మైకులో ఆపగలరా, సాయంత్రం మళ్లీ ఆవిడతో కలిసి భోంచెయ్యగలరా?’ ఆ ప్రశ్నకి ఆవిడ ఎంతసేపు తీసుకుంటుందో చూడండి. జవాబు కంటే ఆ ఆలస్యం ఎక్కువ చెబుతుంది.

ఇక మంత్రి పదవి రాని బాధ గురించి. ఇది మీ అనుమానం, దీన్ని ఆవిడ ముందు ఎత్తకండి, ఎంత మెత్తగా చెప్పినా పుండు మీద వేలే. కానీ ఆవిడ దీన్ని మెట్టు అనుకుంటోందో లేదో తెలుసుకోవడం ముఖ్యం, ఎందుకంటే ఈ మెట్టు పైకి వెళ్లడం తక్కువ. 1999 నుంచి 2021 దాకా ఎన్నికైన ప్రిసైడింగ్ ఆఫీసర్లు ఆరుగురు, డేవిడ్ స్టీల్ మొదలుకుని అలిసన్ జాన్‌స్టన్ దాకా. ఆ ఆరుగురిలో ముందు డిప్యూటీగా చేసి పైకి వచ్చింది జార్జ్ రీడ్ ఒక్కరే. ఆయన కూడా 1999లో స్టీల్ మీద ఓడిపోయి, డిప్యూటీగా నాలుగేళ్లు చేసి, 2003లో ఎక్కారు. 2016లో అప్పటిదాకా డిప్యూటీలుగా ఉన్న జాన్ స్కాట్, ఎలైన్ స్మిత్ ఇద్దరూ పెద్ద కుర్చీకి పోటీ చేశారు, ఇద్దరూ ఓడిపోయారు, డిప్యూటీగా ఎప్పుడూ చేయని కెన్ మెకింటాష్ గెలిచారు. 2011లో పెద్ద కుర్చీకి పోటీ చేసి ఓడిన క్రిస్టీన్ గ్రేమ్ ఆ 2016లోనే డిప్యూటీ అయ్యారు. మంత్రివైపు దారి లేదా అంటే ఉంది, మొదటి డిప్యూటీల్లో ఒకరైన పట్రీషియా ఫెర్గూసన్ 2001లో మంత్రి అయి కుర్చీ వదిలారు. అంటే ఎవరైనా ఎటైనా వెళ్లొచ్చు, కానీ ఈ కుర్చీ మీద కూర్చుని దాని మీద ఇష్టం లేకుండా పైకి చూస్తూ గడిపితే ఐదేళ్లు చాలా పొడుగు.

ఇప్పుడు ఆ డైరీ, ఆ టిక్కులు.

మన దగ్గర డిప్యూటీ స్పీకర్ ఎన్నిక అంటే పేరు ముందే తెలిసిపోతుంది, సభలో చప్పట్లు కొట్టి కుర్చీ దాకా తీసుకెళ్తారు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీకి రఘురామకృష్ణరాజు గారు ఎన్నికైంది ఏకగ్రీవంగానే. లోక్‌సభలో అయితే 2019 నుంచి 2024 దాకా ఐదేళ్లూ డిప్యూటీ స్పీకరే లేకుండా నడిపేశారు. అందుకే మనవాళ్లకి ఇది పోటీ అని వెంటనే తట్టదు. హోలీరూడ్‌లో రహస్య ఓటు. ఒకరు పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, పడిన ఓట్లలో సగానికి మించి రావాలి, ఎవరికీ రాకపోతే అట్టడుగున ఉన్నవాళ్లు తప్పుకుని మళ్లీ ఓటింగ్. పార్టీ ఏం చెప్పినా లోపల చీటీ మీద ఎవరేం రాశారో ఎవరికీ తెలియదు.

రహస్య ఓటు గురించి నాకు ఒక స్వానుభవం ఉంది, చెబితే నవ్వుతారు. మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా నిలబడ్డా. ముప్పై ఒక్క ఇళ్లవాళ్లు ‘మీకు కాక ఎవరికి వేస్తామండీ’ అన్నారు. నేను కూడా డైరీలో టిక్కులు పెట్టుకున్నా. పెట్టె తెరిస్తే పంతొమ్మిది. నా పక్క ఫ్లాటావిడ, నాకు అంతకు ముందు రోజే గుత్తివంకాయ కూర పంపించిన మనిషి, ఆవిడ కూడా వెయ్యలేదని తర్వాత తెలిసింది. కూర మాత్రం బాగుంది. ఆ తర్వాత నేను నేర్చుకున్నదల్లా, ‘మీకు కాక ఎవరికి వేస్తాం’ అనేది మాటివ్వడం కాదు, ‘నమస్కారం, బాగున్నారా’ లాంటిది.

మీ మేడం టిక్కులకి ఇంకో ఇబ్బంది ఉంది, అది నా అపార్ట్‌మెంట్‌లో లేదు. ఆవిడ ఇప్పుడు లెక్కపెడుతున్నది ఈ సభలోవాళ్లని. ఓటేసేది ఎన్నికల తర్వాత గెలిచి వచ్చి ప్రమాణం చేసిన 129 మంది. ఇప్పుడు చెయ్యి కలిపినవాళ్లలో ఎంతమంది రిటైరవుతారో, ఎంతమంది ఓడతారో, ఆవిడే గెలవాలి కదా ముందు. పైగా ముందు ప్రిసైడింగ్ ఆఫీసర్ ఎన్నిక జరుగుతుంది, డిప్యూటీలది ఆ తర్వాతే. ముగ్గురూ ఒకే పార్టీ నుంచి ఉండకూడదనే నియమం ఉంది, అందుకని పెద్ద కుర్చీలో ఏ పార్టీ మనిషి కూర్చున్నారన్న దాన్ని బట్టి కింది లెక్కంతా మారిపోతుంది. 2011లో ఎస్‌ఎన్‌పీ (స్కాటిష్ నేషనల్ పార్టీ) నుంచి ట్రిషియా మార్విక్ ఎక్కితే డిప్యూటీలు ఒకరు కన్జర్వేటివ్, ఒకరు లేబర్. 2016లో లేబర్ నుంచి వచ్చిన మెకింటాష్ ఎక్కితే డిప్యూటీలు ఇద్దరూ ఎస్‌ఎన్‌పీ. 2021లో గ్రీన్ పార్టీ నుంచి వచ్చిన జాన్‌స్టన్ ఎక్కితే ఒకరు ఎస్‌ఎన్‌పీ, ఒకరు లిబరల్ డెమోక్రాట్. అంటే మేడం పార్టీ మనిషే పెద్ద కుర్చీ ఎక్కితే ఒక రకం, ఎక్కకపోతే ఇంకో రకం. ఇప్పుడు పెట్టిన టిక్కులు వానాకాలం ముగ్గులు.

ఈ సంగతి మీరు ఆవిడకి ధైర్యంగా చెప్పొచ్చు, ఇందులో ఎవరి గుట్టూ లేదు. ‘మేడం, ఈ పేర్లు పక్కన పెట్టి ఎన్నికలయ్యాక మళ్లీ మొదలుపెడదామా’ అంటే చాలు. నాకు ఇదే అన్నిటికంటే తేలికైన దారిలా కనిపిస్తోంది, కాఫీ దగ్గర విన్న మాట ఎత్తకుండానే ఆ డైరీ మూతపడుతుంది.

ఆ కాఫీ మాట మాత్రం మీతోనే ఉండిపోవాలి. మీ స్నేహితులు మీకు నమ్మకంతో చెప్పారు, వాళ్లకీ మీలాగే సభ్యులే జీతం ఇస్తారు. మీరు ‘ఫలానా వాళ్లు వెయ్యరు’ అన్న మరుక్షణం మేడం ‘ఎవరన్నారు?’ అంటుంది, ఆరేళ్లుగా మీతో పనిచేస్తున్న మనిషికి మీ స్నేహితులెవరో తెలియకుండా ఉండదు. ఒక వారంలో ఆ ఇద్దరమ్మాయిల ఉద్యోగం ఇరకాటంలో పడుతుంది, ఆ తర్వాత ఆ భవనంలో మీతో ఎవరూ కాఫీ తాగరు. పైగా ఆ మాట నిజమో కాదో కూడా మీకు తెలియదు, వాళ్ల బాసులు వాళ్లకి చెప్పింది కూడా రహస్య ఓటు గురించే.

మీవారు చెప్పినట్టు నోరు మూసుకుంటే ఏమవుతుంది? బహుశా ఏమీ అవదు. మేడం ఎన్నికల్లో ఓడొచ్చు, గెలిచి మనసు మార్చుకోవచ్చు, పార్టీ వేరే మనిషిని ముందుకి తోయొచ్చు. చాలా సమస్యలు అలాగే తేలిపోతాయి, ఆయన అన్నదాంట్లో లోకజ్ఞానం ఉంది. కానీ ఆవిడ నిలబడి, డెబ్భై టిక్కులు పెట్టుకున్న చోట ముప్పై ఓట్లు వస్తే, ఆరోజు సాయంత్రం అదే కారులో పక్క సీట్లో ఎవరు కూర్చుంటారు? మీరే. ఆవిడ ఒక్క మాట అనకపోయినా మీకు ఆ సిగ్నల్, ఆ వైపర్ల చప్పుడు గుర్తొస్తుంది. ఇప్పుడే నిద్రపట్టట్లేదంటున్నారు.

మధ్యలో ఇంకో దారి ఉంది, నా మొగ్గు అటే, అయితే దానికీ ఖర్చుంది. ఆ ‘చెయ్యండి మేడం’ అన్న మాటని వెనక్కి తీసుకోవడం. ‘చెయ్యొద్దు’ అని కాదు, మళ్లీ జవాబు చెప్పడం. మనకి చిన్నప్పటి నుంచి ఉన్న జబ్బు ఇది, పెద్దవాళ్లు ‘బాగుందా?’ అని అడిగితే వాళ్లు అడిగింది కూర గురించైనా జీవితం గురించైనా మన నోట్లోంచి ‘చాలా బాగుంది’ అని వచ్చేస్తుంది. అది వాళ్లకి మర్యాద, మనకి అలవాటు, అభిప్రాయం కాదు. స్కాట్లాండ్ ఆవిడకి అది తెలియదు, ఆవిడ దాన్ని నిజంగానే అభిప్రాయం అనుకుని పదిమందికి చెబుతోంది. ఇందులో ఆవిడ తప్పేం లేదు. ‘మేడం, ఆరోజు తొందరలో అనేశాను, ఆ తర్వాత ఆలోచించాను, ఒక పావుగంట ఇస్తే సరిగ్గా చెబుతాను’ అనండి. ఇది కారులో వద్దు, ఆఫీసులో వద్దు, శుక్రవారం అసలే వద్దు, జనం కష్టాలు విని విని ఇద్దరి బుర్రలూ వేడెక్కి ఉంటాయి.

ఆ పావుగంటలో మీరు కళ్లారా చూసినవి మాత్రమే చెప్పండి. బస్సు మీటింగులో ఫలానా రోజు ఇలా జరిగింది, ఆ తర్వాత ఆ పెద్దాయన చెప్పింది మీరు వినలేదు, కుర్చీలో రోజూ ఇలాంటివి ఉంటాయి కదా, దాని గురించి ఆలోచించారా అని. ఒక్క ఉదాహరణ చాలు, మూడు చెబితే ఛార్జిషీటు అవుతుంది. ఆవిడలో నిజంగా కుర్చీకి పనికొచ్చేది కూడా ఏదో మీరు చూసే ఉంటారు, ఆరేళ్లు ఊరికే ఉండరు కదా ఆవిడ దగ్గర, అది కూడా చెప్పండి, అది కూడా నిజమైతేనే. ఖర్చు ఏమిటంటే, ఆవిడ నొచ్చుకోవచ్చు. ఒక వారం, రెండు వారాలు మీతో ముభావంగా ఉండొచ్చు. మీ ఉద్యోగం ఆవిడ చేతిలో ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను, హైదరాబాదులో కూర్చుని ఎడిన్‌బరోలో ఇంటి అప్పు కట్టేవాళ్లకి ధైర్యం నూరిపోయడం సులభం. మీ ఇంటి పరిస్థితి ఇప్పుడు బిగువుగా ఉంటే, ఈ సంభాషణని ఎన్నికలయ్యేదాకా వాయిదా వేయండి, అందులో తప్పేం లేదు. ఆవిడ గెలవకపోతే ఎలాగూ మీ ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి, అప్పుడు డిప్యూటీ గురించి మాట్లాడే పనే ఉండదు.

ఇంకోటి కూడా ఉంది, ఇది మీరు రాయలేదు గానీ నాకు తట్టింది. ఆవిడకి ఈ పని గురించి ఎంత తెలుసో ఆవిడనే తేల్చుకోనివ్వండి. ఆ పని చేసినవాళ్లు ఎడిన్‌బరోలో ఉన్నారు, ఆవిడ వెళ్లి అడిగితే చెబుతారు, మీరు ‘ఒకసారి మాజీలతో మాట్లాడండి’ అంటే చాలు. సాయంత్రం ఐదింటికి ఓటింగ్ దాకా జరిగే ఆ సాదాసీదా చర్చల్లో కొన్నింటికి, మాట్లాడాల్సిన పని లేకపోయినా వెళ్లి, ఈసారి మాట్లాడేవాళ్లని కాకుండా కుర్చీని చూస్తూ కూర్చోమనండి. ఆవిడకి విసుగొస్తే అదే జవాబు. విసుగు రాకపోతే, ఆ పెన్ను ఎప్పుడు కింద పెట్టాలో తనకి తెలుస్తోందనిపిస్తే, మీ అనుమానాలు పక్కన పెట్టి పేరు బలపరిచేవాళ్లని వెతకడంలో సాయపడండి. బస్సు, ఆసుపత్రి లాంటి విషయాల మీద పట్టు వదలని మనిషైతే కమిటీ పని ఆవిడకి ఇంకా బాగా నప్పొచ్చు, అదీ చెప్పి చూడండి.

మీ కౌన్సిల్ కోరిక మాత్రం ఈ పావుగంటలో కలపకండి. రెండూ ఒకేరోజు చెబితే, మీరు చెప్పిన నిజం కూడా బేరంలా వినిపిస్తుంది. కొన్ని వారాలు పోనిచ్చి, ఇంకో రోజు, సూటిగా, ‘నాకూ నిలబడాలని ఉంది, మీ మద్దతు ఉంటుందా’ అని అడగండి. ఆరేళ్లు ఇళ్ల దరఖాస్తులు, బస్సుల గొడవలు చూసిన మనిషికి కౌన్సిల్‌లో కూర్చోవాలని ఉండడం సిగ్గుపడాల్సిన సంగతి కాదు, చిన్న అక్షరాలతో రాయాల్సిన పనీ లేదు.

అన్నట్టు, మీ అమ్మగారు అప్పుడే వీధిలో అందరికీ ‘మా అమ్మాయి మేడం స్పీకర్ అవుతోంది’ అని చెప్పేశారని రాశారు. ఆవిడకి ఇవాళే ఫోన్ చేసి, స్పీకర్ కాదని, డిప్యూటీ అని, అదీ ఇంకా కాలేదని చెప్పండి. ఈసారి మొక్కు ఏ స్వామికి మొక్కారో కూడా అడిగి తెలుసుకోండి.